డామియన్ గారి గురించి చేసే ప్రసంగం మార్చండి: మేత్రాణులకు, విచారణ గురువులకు ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మేత్రాసనాల మహాపూజ్య పీఠాధిపతులకు, విచారణ గురువులకు, గురువిద్యార్థులకు,

ప్రభువు పేరిట వందనాలు.

నేను కతోలికుణ్ణి. ఉద్యోగమంతా కుష్ఠు నివారణ విభాగంలో పారామెడికల్ వర్కర్‌గా చేశాను. ఊరూరా తిరిగి మచ్చలు వెతకడం, బ్లిస్టర్ ప్యాకులు పంచడం, పుండ్లకి కట్లు కట్టడం నా పని. ఫీల్డు డ్యూటీ రోజుల్లో పండగ పూజలకి తప్ప గుడికి వెళ్లే వీలు చిక్కేది కాదు. రిటైరయ్యాక ప్రతి ఆదివారం వెళ్తున్నాను, ప్రసంగాలు శ్రద్ధగా వింటున్నాను. వినగా వినగా మనసులో పేరుకున్న మాట ఇది. ఏ ఒక్క ఫాదర్ గారికి విడిగా చెప్పినా ఆయన్ని వేలెత్తి చూపినట్టవుతుందని అందరికీ కలిపి రాస్తున్నాను.

చెప్పదలుచుకున్నది చిన్నదే. మొలొకాయి పునీత డామియన్ గురించి మన గుళ్లలో చేసే ప్రసంగం మార్చండి.

ఆ ప్రసంగం మీకు కంఠతా వచ్చు. బెల్జియంలో పుట్టిన ఒక కుర్రాడు హవాయి దీవులకి వెళ్లి గురువయ్యాడు. కుష్ఠురోగుల్ని తెచ్చి పడేసే మొలొకాయి దీవికి తనంతట తానే పోయాడు. వాళ్లని ముట్టుకున్నాడు, వాళ్లతో కలిసి తిన్నాడు. చివరికి ఆయనకీ అంటుకుంది. ఒక ఆదివారం బలిపీఠం దగ్గర నిలబడి "మనం కుష్ఠురోగులం" అన్నాడు, గుడి గుడంతా ఏడ్చింది. 49 ఏళ్లకే కన్నుమూశాడు. ఇంతటి త్యాగం మనం చేయగలమా ప్రియ సహోదరులారా?

వింటే కళ్లు చెమ్మగిల్లుతాయి, కాదనను. కానీ గుడి గేటు దాటేసరికి జనం బుర్రలో మిగిలేది ఒక్కటే. ముట్టుకుంటే వస్తుంది.

ఊహించి రాయడం లేదు. ఒక విచారణ గుడిలో (పేరు అనవసరం) ఈ ప్రసంగం విన్నరోజు నా ముందు వరసలో కుష్ఠు కాలనీ నుంచి వచ్చే పెద్దాయన ఒకరు కూర్చుని ఉన్నారు. మందుల కోర్సు ఎప్పుడో పూర్తి చేసిన మనిషి. వేళ్లు వంకర్లు పోయాయి, అంతే. ఒంట్లో క్రిమి లేదు. "ఆయనకీ అంటుకుంది" అన్న మాట దగ్గర, పక్కనున్న అమ్మ తన మనవడి చెయ్యి పట్టుకుని రెండోపక్కకి మార్చి కూర్చోబెట్టుకుంది. ఆవిడ చెడ్డ మనిషేం కాదు, పండక్కి కాలనీకి చీరలు పంపే ఇల్లాలే. పెద్దాయన చూశారు. ఏమీ అనకుండా చేతులు రెండూ కండువా కిందకి లాక్కున్నారు. సత్ప్రసాదానికి అందరూ వెళ్లి వచ్చేదాకా ఆగి, చివర్లో లేచారు. ఎప్పుడూ అలాగే లేస్తారని తర్వాత తెలిసింది.

ఆ పూట ఫాదర్ గారు చెప్పినదాంట్లో అబద్ధం పెద్దగా లేదు. వదిలేసిందే చాలా ఉంది.

డామియన్ గారికి అంటుకుందని చెబుతాం. మరి అంటుకోనివాళ్ల సంగతో? జోసెఫ్ డటన్ అనే అమెరికన్, గురువు కూడా కాదు, సాయం చేస్తానని 1886లో అక్కడికి వచ్చాడు. డామియన్ పోయాక కూడా పుండ్లు కడుగుతూ, అనాథ పిల్లల్ని చూసుకుంటూ దశాబ్దాలు అక్కడే ఉండిపోయి, 1931లో ముసలితనంలో చనిపోయాడు. ఆయనకి కుష్ఠు రాలేదు. మదర్ మరియాన్ కోప్ 1888లో ఇద్దరు సిస్టర్లతో మొలొకాయికి వచ్చారు. 1918లో చనిపోయేదాకా, అంటే 30 ఏళ్లు, అక్కడే సేవ చేశారు. తన సిస్టర్లలో ఎవరికీ ఈ రోగం రాదని ముందే ధైర్యం చెప్పారు, చేతులు కడుక్కునే నియమం కచ్చితంగా పాటింపజేశారు. ఆవిడకీ రాలేదు, వాళ్లకీ రాలేదు. ఆవిడ కూడా పునీతురాలే. 2012 అక్టోబరు 21న పదహారవ బెనెడిక్ట్ పాపుగారు ప్రకటించారు. డామియన్‌ని 2009లో ప్రకటించిందీ ఆయనే. ఇద్దరూ ఒకే చోట పనిచేసిన పునీతులు. ఒకరి పేరు మన పిల్లలందరికీ తెలుసు. రెండోవారి పేరు చెప్పమంటే ఉపదేశులు కూడా నీళ్లు నములుతారు. రోగం వచ్చి చనిపోతే ప్రసంగానికి పనికొస్తారు, చేతులు కడుక్కుని బతికితే పనికిరారా?

ఇక కాలం సంగతి. డామియన్ మొలొకాయిలో దిగింది 1873 మే 10న. అదే ఏడాది నార్వేలో హాన్సెన్ అనే డాక్టరు ఈ రోగానికి కారణమైన క్రిమిని కనిపెట్టాడు. అప్పటికి మందు లేదు. డాప్సోన్ అనే మందు వాడకం మొదలైంది 1940లలో. మూడు మందులు కలిపి ఇచ్చే ఎం.డి.టి.ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది 1981లో. ఇవాళ ఆ మందు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. రకాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో వాడాలి. మందు మొదలైన కొద్ది రోజులకే రోగి నుంచి ఇంకొకరికి సోకడం ఆగిపోతుంది. పైగా మనలో నూటికి 95 మందికి ఈ క్రిమిని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. ఈ నాలుగు మాటలు చెప్పకుండా 19వ శతాబ్దపు కథని అక్కడికే ఆపేస్తే, విన్నవాళ్లు ఇంటికి పట్టుకెళ్లేది 19వ శతాబ్దపు భయాన్నే.

"మనం కుష్ఠురోగులం" అన్న ఘట్టం కూడా మనం నాటకంలా మార్చేశాం. డామియన్ ప్రసంగంలో అలా అనడం మొదలుపెట్టింది 1873లోనే. దిగిన కొన్ని నెలలకే అన్న పాంఫిల్‌కి రాసిన ఉత్తరంలో ఆ సంగతి ఉంది. రోగం బయటపడింది 1884 డిసెంబరులో. అంటే ఒంటిమీద మచ్చ కూడా లేనప్పుడే, 11 ఏళ్ల ముందునుంచీ, వాళ్లలో తననీ కలుపుకుని మాట్లాడాడు. నాకైతే మన నాటకం కంటే ఇదే గొప్పగా అనిపిస్తుంది. రోగం వచ్చాక రోగుల్లో కలవడానికి పునీతుడు కానక్కర్లేదు.

అసలు ఆయన్ని వెలివేసింది కూడా రోగం రాకముందే. వచ్చిన కొత్తలో ఆయన పై అధికారి ఓడలో వస్తే, కెప్టెను ఒడ్డుకి దిగనివ్వలేదు, డామియన్‌ని ఓడ ఎక్కనివ్వలేదు. ఈయన చిన్న పడవలో ఓడ పక్కకి వెళ్లి, పైనున్న గురువుకి వినపడేలా గట్టిగా అరుస్తూ పాపసంకీర్తనం చేసుకున్నాడు. నిక్షేపంలాంటి ఆరోగ్యం ఉన్న మనిషికి ఆ గతి పట్టింది. కాలనీవాళ్లలో చాలామంది ఈ మాట వింటే తల ఊపుతారు, వాళ్ల పిల్లలకి జరుగుతున్నదీ అదే కనుక. పిల్లలకి ఏ రోగమూ లేదు, అడ్రసే రోగం.

ఇక వేడినీళ్ల సంగతి. ఇది మీ చేతిలో ఉన్న బంగారం, మీరు గమనించడం లేదని నా బాధ. 1884లో డామియన్ ప్రయాణం చేసి అలిసిపోయి వచ్చి కాళ్లు వేడినీళ్లలో పెట్టుకున్నాడు. నీళ్లు మసిలిపోతున్నాయి, చర్మం బొబ్బలెక్కింది, ఆయనకి మాత్రం ఏమీ తెలియలేదు. అలా అర్థమైంది తనకీ వచ్చిందని. ప్రసంగంలో మీరు ఇక్కడ ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, త్యాగం వైపు వెళ్లిపోతారు. ఒక్క నిమిషం ఆగి ఇలా అనండి: "అమ్మా, అయ్యా, ఈ రోగానికి గుర్తు ఇదే. నొప్పి తెలియకపోవడం. ఒంటిమీద ఎక్కడైనా పాలిపోయినట్టో, ఎర్రగానో మచ్చ ఉండి, అక్కడ గిల్లినా, వేడి తగిలినా తెలియకపోతే, దురద లేదు కదా నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. పి.హెచ్.సి.లో చూపించుకోండి." నా సర్వీసులో నాకు దొరికిన కేసుల్లో చాలావరకు ఆలస్యంగా దొరికినవే. అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "నొప్పి లేదండీ, అందుకే పట్టించుకోలేదు." వందల మంది కూర్చున్న గుడిలో మీ ఒక్క నిమిషం, మాలాంటి వర్కరు నెలంతా తిరిగే తిరుగుడుకి సమానం. ఇప్పుడు ఇంటింటికీ తిరిగే మా పోస్టులు కూడా బాగా తగ్గిపోయాయి. పదివేల మందిలో ఒక్క కేసు కంటే తక్కువకి వచ్చామని 2005 చివర్లో దేశం ప్రకటించుకున్నాక, అందరికీ అయిపోయిందనే భావన వచ్చేసింది. ప్రపంచంలో కొత్తగా దొరుకుతున్న కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ మన దేశంలోవే.

డామియన్ అక్కడ బతికిన 16 ఏళ్లలో ఏం చేశాడో కూడా కాస్త చెప్పండి. మనం దిగిన రోజు నుంచి చావు రోజుకి ఒక్క గంతు వేస్తాం. ఆ మధ్యకాలమంతా ఆయన వడ్రంగి, మేస్త్రీ, కాంపౌండరు, కాటికాపరి. వెళ్లిన కొత్తలో ఇల్లు లేక మొగలిజాతి చెట్టు కింద పడుకున్నాడు. రోగులు నీళ్లు దూరం నుంచి మోసుకునేవాళ్లు, వేళ్లు లేని చేతులతో. గొట్టాలు పంపమని ప్రభుత్వాన్ని అడిగి తెప్పించి, లోయలోని నీటిమడుగు నుంచి ఊళ్లోకి నీళ్లు పారించాడు. 1874లో గాలివాన గుడిసెల్ని ఊడ్చేస్తే, కలప పంపమని ఆరోగ్య బోర్డు ప్రాణం తీసి, మట్టికి అంటుకోకుండా కాస్త ఎత్తుగా చెక్క ఇళ్లు కట్టించాడు. శవపేటికలు తన చేత్తోనే వందల్లో చేశాడు. పిల్లలకి వాద్యాలు నేర్పించి బ్యాండు పెట్టాడు. యువరాణి లిలియువొకలాని 1881లో వచ్చి చూసి వెళ్లాక హవాయి ప్రభుత్వం పతకం ఇస్తే, దాన్ని పెట్టుకు తిరగలేదు. బోర్డువాళ్లకి ఉత్తరాలు రాసి రాసి విసిగించాడు: బట్టలు చాలడం లేదు, తిండి చాలడం లేదు, మందులు పంపండి, కలప పంపండి. ఆయన చనిపోయాక ఒక ప్రొటెస్టెంట్ పాస్టరుగారు మొరటు మనిషి, మురికి మనిషి, మొండి మనిషి అని రాశారు. మొండితనం నిజమే. ఆ మొండితనం లేకపోతే నీళ్ల గొట్టాలు వచ్చేవి కావు.

అన్నీ ఆయనే చేశాడని చెప్పినా తప్పే. రోగుల్ని వేరుగా ఉంచాలన్న 1865 చట్టం కింద 1866 నుంచి జనాన్ని అక్కడికి తోలేస్తుంటే, మొగుడి వెంట పెళ్లాం, కొడుకు వెంట తల్లి, ఏ రోగమూ లేనివాళ్లు తమంతట తాము వెళ్లి చాకిరీ చేశారు. అక్కడివాళ్లు వాళ్లని కొకువా అనేవారు. డామియన్ రాకముందే, 1871 నాటికే రోగులు సిలోవామా అనే ప్రొటెస్టెంటు గుడి కట్టుకున్నారు. హవాయివాళ్లు ఇవాళ ఈ మాట గట్టిగానే గుర్తు చేస్తున్నారు, న్యాయమే. తెల్ల గురువు వచ్చేదాకా అక్కడ మానవత్వమే లేనట్టు మనం చెప్పకూడదు. మన దగ్గర మాత్రం? నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఆస్పత్రి నడిపిన ఇసబెల్ కెర్ మెథడిస్టు. సాలూరు ఆస్పత్రి ప్రొటెస్టెంట్ మిషన్ వాళ్లది. నెల్లూరులో పనిచేసిన డామియన్ ఫౌండేషన్ పేరు మాత్రం మన పునీతుడిదే.

ఇంతకీ మీరు ఏం చేయాలని నా కోరిక? మొదటిది చాలా సులువు, డబ్బు ఖర్చు లేనిది. చెప్పులు.

స్పర్శ లేని పాదానికి ఎం.సి.ఆర్. చెప్పులు ఇస్తాం, లోపల మెత్తటి నల్ల రబ్బరు ఉంటుంది. రాయి గుచ్చుకున్నా, ముల్లు దిగినా, నేల కాలుతున్నా వాళ్లకి తెలియదు కాబట్టి ఆ చెప్పే వాళ్ల కాలికి కాపలా. మన గుళ్లలో చెప్పులు బయట విడవాలి. మే నెల ఎండలో, పదిన్నర పూజకి, గేటు నుంచి ద్వారం దాకా పరిచిన బండల మీద ఆ కాలు పడితే ఏమవుతుందో నేను సోమవారం పొద్దున కట్టు కట్టేటప్పుడు చూసేవాణ్ణి. అరికాలంతా ఒకే బొబ్బ. "ఎక్కడ కాలిందమ్మా?" అంటే "తెలీదు సార్, నిన్న గుడికెళ్లొచ్చా" అనేది. ఆ బొబ్బ పుండవుతుంది, పుండు ఎముకదాకా పోతుంది, ఒక వేలు పోతుంది. వేళ్లు రాలిపోయేది ఇలా, గాయాల వల్ల. క్రిమి వేళ్లని తినేయదని వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ ఏనాడో తేల్చారు. కాబట్టి దయచేసి గుడి ద్వారం దగ్గర ఒక మాట ప్రకటించండి: కాళ్లలో స్పర్శ లేనివాళ్లు చెప్పులతో లోపలికి రావచ్చు. షుగరు ముదిరినవాళ్లకీ ఇది పనికొస్తుంది, కాబట్టి ఎవరు ఎందుకు వేసుకున్నారో ఎవరికీ తెలియదు కూడా. కొండ ఎక్కే తిరునాళ్లలో, ప్రదక్షిణల్లో ఉత్త కాళ్లతో నడుస్తామని మొక్కుకునేవాళ్లకి, నీకు ఆ మొక్కు వద్దు నాయనా అని చెప్పే అధికారం మీకే ఉంది. మేం చెబితే వినరు.

పవిత్ర గురువారం పన్నెండుమంది కాళ్లు కడుగుతారు కదా. వాళ్లలో ఇద్దరిని కాలనీ నుంచి పిలిస్తే సంతోషం. ఫొటో కోసమైతే మాత్రం వద్దు. కడిగేటప్పుడు అరికాలు తిప్పి చూడండి, పగుళ్లున్నాయా, పుండుందా అని. రోజూ కాళ్లు కాసేపు నీళ్లలో నానబెట్టి, గట్టిపడ్డ చర్మాన్ని మెల్లగా రుద్ది, నూనె రాసుకోమని మేం చెప్పేది కూడా అంతే.

సిస్టర్స్ నడిపే డిస్పెన్సరీలు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. వాళ్లు మాకంటే బాగా చేయగల పని ఒకటుంది. మూడు మందుల్లో ఒకటి, క్లోఫాజిమిన్, ఒంటి రంగుని నల్లబరుస్తుంది. ఇంకోటి, రిఫాంపిసిన్, వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా వస్తుంది. పెళ్లీడు పిల్ల ముఖం నల్లబడేసరికి ఊళ్లో ఆరా మొదలవుతుంది, తల్లి మాత్రలు గూట్లో దాచేస్తుంది. మగవాణ్ణి, పైగా గవర్నమెంటు మనిషిని, నేను వెళితే వీధంతా చూస్తుంది. సిస్టర్ వెళ్తే ఎవరూ ఏమీ అనుకోరు. మందు ఆపాక రంగు మెల్లగా తిరిగి వస్తుందని ఆ తల్లికి చెప్పి, ప్యాకు పూర్తయ్యేదాకా అంటిపెట్టుకుని ఉంటే ఒక పిల్ల చెయ్యి వంకరపోకుండా మిగులుతుంది. ఇంట్లోవాళ్లకి ముందు జాగ్రత్తగా ఒకే ఒక్క డోసు రిఫాంపిసిన్ ఇస్తారని కూడా చాలామందికి తెలియదు.

క్రిస్మస్‌కి బియ్యం బస్తాలు, దుప్పట్లు ఇస్తున్నారు. ఇవ్వండి. దాంతోపాటు డామియన్ ఉత్తరాల పని కూడా ఒకరు చేపట్టాలి. వేళ్లు అరిగినవాళ్లకి మిషను మీద వేలిముద్ర పడదు, పింఛను దగ్గర, రేషను దగ్గర తిప్పి పంపేస్తారు. కంటిపాపతోనో, ముఖంతోనో గుర్తించే వీలుందని కౌంటర్‌లో మనిషి చెప్పడు. వికలాంగ సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి తీసుకెళ్లే దిక్కుండదు. విచారణ సంఘంలో చదువుకున్న కుర్రాళ్లు ఉన్నారు కదా, నెలకో పూట వెంట వెళితే చాలు. ఫాదర్ గారి లెటర్‌హెడ్డుకి మండలాఫీసులో ఎంత విలువుందో మీకు నేను చెప్పాలా?

చట్టం గురించి ఒక్క మాట. క్రైస్తవుల విడాకుల చట్టంలో కుష్ఠుని ఒక కారణంగా 2001లో చేర్చారు, అప్పటికి మందు వచ్చి రెండు దశాబ్దాలు. 2019లో తీసేశారు. విడాకుల్నే ఒప్పుకోని మన శ్రీసభ ఆ మధ్యకాలంలో దీని మీద గట్టిగా మాట్లాడిందా అని నేను వెతకదలుచుకోలేదు. ఇప్పుడైనా వివాహ తరగతుల్లో ఈ సంగతి చెప్పించండి.

గురువిద్యార్థులకి కూడా రాశాను కనుక: డామియన్‌కి చదువు చాలదని మొదట్లో గురుత్వానికి వద్దన్నారు. హవాయికి వెళ్లాల్సింది ఆయన అన్న. అన్నకి జబ్బు చేస్తే బదులుగా వెళ్లాడు. మీలో ఎవరినైనా కాలనీ ఉన్న విచారణకి వేస్తే శిక్ష అనుకోకండి.

డామియన్ పండుగ మే 10. సెలవుల్లో సత్యోపదేశం తరగతులు నడిచే రోజులు, పిల్లలంతా గుళ్లోనే ఉంటారు. ఆ వారంలో ఒక పూట చర్మ పరీక్ష క్యాంపు పెట్టండి. పి.హెచ్.సి. డాక్టరుగారికి ఒక నెల ముందు ఉత్తరం ఇస్తే స్టాఫ్‌ని పంపుతారు. ఆడపిల్లలకి విడిగా గది, ఒక సిస్టర్ తోడు ఉండాలి. పరీక్షకి కావాల్సింది ఒక బాల్‌పాయింట్ పెన్ను, వెలుతురు. పిల్లల్ని కళ్లు మూసుకోమని, పెన్ను తాకిన చోట వేలు పెట్టి చూపించమంటాం, వాళ్లకి అదో ఆట. ఎవరికైనా మచ్చ దొరికితే మైకులో చెప్పకండి, ఇంటికి వెళ్లి చెప్పండి. ఫిబ్రవరి 11 గుణదల మాత ఉత్సవం, అదే రోజు ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినం కూడా. మేకి ఏర్పాట్లు కుదరకపోతే ఆ వారం తీసుకోండి.

మా విచారణలో అయితే పెన్ను పట్టుకుని నేనే వస్తాను.

ఇట్లు,
మీ విచారణల్లో ఒక విశ్వాసి, రిటైర్డ్ పారామెడికల్ వర్కర్